గిటార్లు చేసేవాడి తంబుర

నేను గిటార్లు చేసేవాణ్ణి. మా ద్వీపంలో కొండమీది చలి ఊరు క్యూర్‌పైప్‌లో, మా ఇంటి వెనక రేకుల షెడ్డు ఒకటి ఉండేది, అదే నా పనిచోటు. చెరకు కొట్టేవాళ్ళ బిడ్డవి, నీకీ గిటార్లేమిట్రా అని మావాళ్ళు వెక్కిరించేవారు. డోలు కొట్టి సెగా పాటలు పాడే క్రియోల్ వాళ్ళు మాత్రం ఏనాడూ వెక్కిరించలేదు. వాళ్ళకి పలికే వాయిద్యం కావాలి, చేసినవాడి పుట్టుపూర్వోత్తరాలు అక్కర్లేదు. పడుచుతనంలో కుర్చీలు చెయ్యడం నేర్చుకుందామని ఒక క్రియోల్ ముసలి వడ్రంగి దగ్గర చేరాను. ఆయన కుర్చీలు పొట్ట కోసం చేసేవాడు, గిటార్లు ప్రాణం కోసం చేసేవాడు. నాకు ఆ రెండో జబ్బే అంటుకుంది.

ఓడల్లో సరుకు దిగే పెట్టెల చెక్క తేలిక, అది పైపలకకి. పక్కపలకల్ని నీళ్ళలో నానేసి, కాల్చిన ఇనప గొట్టం మీద నొక్కుతూ వంచాలి. కొంచెం తొందరపడితే ఫట్‌మంటుంది, కొంచెం ఆలస్యమైతే మాడుతుంది. తోలూ ఎముకలూ ఉడికించి తీసిన బంకని బొగ్గుల మీద వెచ్చగా ఉంచుకుని అతికించాలి. క్యూర్‌పైప్‌లో ఆ బంక ఆరడమే గగనం. మా ఊళ్ళో వానాకాలం ఒకటీ, వాన లేని కాలం ఒకటీ ఉంటాయంటారు. ఆ రెండోదాన్ని నేనింకా చూడలేదు. మంచు దిగిందంటే ఎదురింటివాడు కూడా కనపడడు. అలాంటి రోజున అతికించిన గిటారు మర్నాటికి నోరు తెరిచి నన్ను చూసి నవ్వేది.

ఇవన్నీ ఒక ఎత్తు, జీర ఒక ఎత్తు. తీగ మీటినప్పుడు ఎక్కడో మెట్టుకి రాసుకుని జుయ్‌మంటుందే, అది. గిటారు చేసేవాడికి అంతకన్నా పరువు తక్కువ పని లేదు. మా ముసలి గురువు జీర వినపడిందంటే ఆ గిటారుని పట్టుకుని, చచ్చిన ఎలుకని పట్టుకున్నట్టు, దూరంగా పెట్టి చూసేవాడు. నేను నా బతుకంతా జీరని వెంటాడి చంపడంలోనే గడిపాను. దాన్ని కావాలని కోరుకునేవాడు ఒకడుంటాడనీ, వాడు మా ఇంట్లోనే ఉంటాడనీ నేను కలలో కూడా అనుకోలేదు.

మా నాయన సాంత్ర్ ద ఫ్లాక్ దగ్గర ఒక చెరకు ఎస్టేటులో ఉండేవాడు. కోరంగి రేవులో ఓడెక్కి వచ్చినప్పుడు అప్పుడప్పుడే నడక నేర్చిన పిల్లాడట. వారమంతా చెరకు నరికేవాడు, శనివారం సాయంత్రం కాళ్ళు కడుక్కుని గుళ్ళో భజన నడిపించేవాడు. కత్తి పట్టినప్పుడు ఆయన్ని ఎవరూ పట్టించుకునేవారు కాదు. పాట ఎత్తుకుంటే ఎస్టేటులో పని చేయించే సర్దారు కూడా టోపీ తీసి గుమ్మంలో నిలబడేవాడు.

మా అమ్మ భోజ్‌పురి మనిషి. ఇంట్లో భోజ్‌పురి, బయట క్రియోల్. తెలుగు మా నాయన ఒక్కడికే ఉండేది, దాంతో ఆయన దేవుడితో మాట్లాడుకునేవాడు. మాకు దక్కినవి నాయన, అమ్మ, అక్క, మామ లాంటి నాలుగు వరసలు, భజన పాటలు. ఆ పాటలన్నీ నాకు కంఠతా వచ్చు, ఒక్కదానికీ అర్థం రాదు. చిలకపలుకులంటే అవే. ఇప్పుడు రాస్తున్న ఈ తెలుగు తల నెరవడం మొదలయ్యాక నేర్చుకున్నది. సామెతలు కూడా అప్పుడు పోగేసుకున్నవే, అందుకే చోటున్నా లేకపోయినా వాడుతుంటాను, ఏమీ అనుకోకండి.

నాయనకి ఒక తంబుర ఉండేదట. నాకు ఊహ తెలియకముందే తుపానులో ఇంటి దూలం దాని మీద పడి నుగ్గయిపోయిందట. ఆ తర్వాత తాళాలతోనే పాడాడు. నేను దాన్ని చూడలేదు, దాని పేరు కూడా అప్పటికి వినలేదు. దాని గురించి ఆయన ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. తుపానులో పోయినవాటి గురించి మా ద్వీపంలో ఎవరూ ఎక్కువ మాట్లాడరు.

ఒక ఏడు చెరకు కోతల రోజుల్లో ఆయన పొలంలో పడిపోయాడు. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, మాటా పోయింది. ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్ళి బాగా చూసుకోండి అన్నాడు డాక్టరు. అమ్మ అప్పటికే లేదు. రైలు మారి, దారిపొడుగునా ఆయన తల నా ఒళ్ళో పెట్టుకుని క్యూర్‌పైప్ తీసుకొచ్చాను. స్టేషను నుంచి ఇంటిదాకా కొండ గాలి. వేడి ఊరి మనిషి, బండిలో నా చొక్కా పట్టుకుని బిగుసుకుపోయి కూర్చున్నాడు. అంత పెద్ద గొంతున్న మనిషి నోట్లోంచి పసివాడి ఊఁకారాలు వస్తుంటే విని తట్టుకోవడం నా వల్ల కాలేదు. నేను వీధి వైపు చూస్తూ కూర్చున్నాను.

కొన్ని వారాలకి ఒక్క మాట వచ్చింది. ఎంత కష్టపడి తెచ్చుకున్నాడో! మెడ నరాలు ఉబ్బాయి, ఎడం చెయ్యి మంచం పట్టెని గుంజింది. "తం... తంబు... తంబుర" అన్నాడు.

నా భార్య చప్పట్లు కొట్టింది. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. మా క్రియోల్‌లో తంబూర్ అంటే డోలు. నాయన డోలు అడుగుతున్నాడు, దానికేం భాగ్యం! పక్కవీధిలో సెగా పాడే మిత్రుడి దగ్గరకి పరిగెత్తి మేకతోలు డోలు అరువు తెచ్చాను. బొగ్గుల మీద వెచ్చచేసి, మంచం పక్కన కూర్చుని వాయించాను.

నాయన నన్ను చూశాడు. కళ్ళలోంచి నీళ్ళు కారడం మొదలెట్టాయి.

"ఆయో, చూడు, మామయ్యకి ఎంత నచ్చిందో! ఇంకా గట్టిగా కొట్టు" అంది నా భార్య.

ఇంకా గట్టిగా కొట్టాను. ఆయన ఎడం చేత్తో నా మణికట్టు పట్టుకునేదాకా కొడుతూనే ఉన్నాను. వదిలి, మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు. ఆ రోజు గంజి కూడా తాగలేదు.

నిజం చెప్పినవాడు ఆయన స్నేహితుడు. ఎస్టేటు గుళ్ళో నాయన పక్కన కూర్చుని తాళం వేసే పెద్దాయన, నాయన్ని చూడ్డానికి ఫ్లాక్ నుంచి వచ్చాడు. నేను తాళం మామ అనేవాణ్ణి. ఆయనా నాలాగే ఈ ద్వీపంలో పుట్టినవాడే, పాటలు తప్ప తెలుగు రాదు. ఆ ఎస్టేటులో తెలుగు మాట్లాడ్డం తెలిసిన ఆఖరి మనిషి మా నాయనే. డోలు సంగతి చెప్తే తాళం మామ నెత్తి కొట్టుకున్నాడు.

"డోలు కాదురా, పిచ్చోడా! తంబుర! తీగలుంటాయి. పాడేవాడు దాన్ని భుజానికి ఆనించుకుంటాడు."

"గిటారులాగానా?"

"నో, నో. దాని మీద వేళ్ళు నొక్కరు. ఊరికే మీటుతూ ఉంటారు, అంతే. మీ నాయన తంబుర మీటాడంటే గొంతు దానంతటదే వచ్చేసేది. వద్దన్నా ఆగేది కాదు."

ఆ మాట విన్నాక నాకు మరో ఆలోచన లేదు. గొంతు దానంతటదే వచ్చేస్తుందట! పాట వస్తే మాట రాదా? మాట వస్తే ఆయన ఏం కావాలో చెప్పుకోడా? ఆకలో, దాహమో, ఒళ్ళు నొప్పో, ఏదీ చెప్పలేక రోజూ గోడ వైపు తిరిగే మనిషి. డాక్టరు వల్ల కానిది నా చేతివల్ల అవుతుందని మనసులో ఒక దీపం వెలిగింది.

తంబుర ఎంత పొడుగుంటుంది మామా అంటే ఆయన చేతులు చాపి చూపించాడు. మళ్ళీ అడిగితే ఇంకొంచెం ఎక్కువ చాపాడు. కింద ఏముంటుందంటే గుమ్మడికాయలా గుండ్రం అన్నాడు. తీగలెన్ని అంటే కళ్ళు మూసుకుని ఆలోచించి "చాలా లేవు" అన్నాడు. గుడ్డివాళ్ళు ఏనుగుని తడిమిన కథలో గుడ్డివాళ్ళకి కనీసం ఏనుగు ఎదురుగా ఉంది. మాకు అదీ లేదు.

పాంప్లెమూస్ వైపు ఒకాయన పెరట్లో పడిపోయిన పనసచెట్టు మొద్దు ఉందంటే తెప్పించాను. గిటారు పల్చటి పలకలతో కట్టేది, తంబుర కింది కుండ మొద్దులోంచి తొలిచేది. తొలవడం నాకు కొత్త. మొదటి కుండ చివరికొచ్చాక నిట్టనిలువునా చీలింది. రెండోది మందంగా ఉంచాను, అది రోలులా తయారయింది. మూడోది నిలబడింది. షెడ్డంతా పసుప్పచ్చటి పొట్టు, జిగట వాసన.

నాయన మంచం షెడ్డులోకే మార్చాం. బంక కుండ కింద బొగ్గులుంటాయి కాబట్టి ఆయనకి వెచ్చగా ఉంటుందని నా భార్య అంది. అదీకాక ఆయన కళ్ళముందు చేస్తే తప్పొప్పులు చూపిస్తాడని నా ఆశ. చూపించాడు కూడా. కుండ చూసి తలూపాడు. నేను వేళ్ళు ఒక్కొక్కటే లేపుతుంటే నాలుగో వేలు దగ్గర నా చెయ్యి పట్టుకున్నాడు. అంటే నాలుగు తీగలు. తీగలు బిగించే బిరడాలు ఎటు పెట్టాలో ఎడం చేత్తో గాల్లో తిప్పి చూపించాడు. ఆ రోజుల్లో మేమిద్దరం బతుకులో ఎన్నడూ లేనంతగా మాట్లాడుకున్నాం. ఇద్దరి మధ్యా మాటే లేదు.

తీగలు బిగించి మీటిన రోజు నేను మురిసిపోయాను. గంట కొట్టినట్టు ఎంత శుభ్రమైన నాదం! కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు, కానీ అది నిజంగానే బాగా పలికింది. నాయన వైపు చూశాను.

అడ్డంగా తలూపాడు.

తీగలు మోసే చిన్న చెక్కముక్క ఉంటుంది, మా క్రియోల్‌లో షెవలే, అంటే చిన్న గుర్రం. తెలుగులో కూడా దాన్ని గుర్రమే అంటారని తర్వాత తెలిసి ఆశ్చర్యపోయాను. ఆ గుర్రాన్ని ఊడదీసి మళ్ళీ చెక్కాను. మళ్ళీ తలూపాడు. కొమ్ముతో చేశాను, ఎముకతో చేశాను. ఒక్కొక్కసారికి నాదం ఇంకా తేటపడుతోంది, ఆయన మొహం ఇంకా ముడుచుకుపోతోంది. నేను మంచి చేస్తున్నకొద్దీ ఆయనకి చెడు అవుతోంది. ఒకరోజు ఉలి విసిరేసి అరిచేశాను: "నాయనా, ఏం కావాలో చెప్పచ్చు కదా!"

మూగవాణ్ణి పట్టుకుని చెప్పమని అరుస్తున్నాను. నా భార్య గుమ్మంలోంచి నన్ను చూసిన చూపుకి షెడ్డు వదిలి వానలోకి వెళ్ళిపోయాను.

గోరుచుట్టు మీద రోకలిపోటులా ఇంకొకటి మొదలైంది. నాయన తన భుజం మీది తువ్వాలు అంచు పీకి పోగులు లాగడం మొదలెట్టాడు. లాగిన పోగుని రెండువేళ్ళ మధ్య పట్టుకుని నా వైపు చాపేవాడు. నేను తీసుకుని పారేసేవాణ్ణి. మళ్ళీ లాగేవాడు.

"మామయ్య మళ్ళీ తువ్వాలు పీకేస్తున్నారు. మో పా కపావ్! నా వల్ల కాదిక, ఎన్నని కుట్టను?" అనేది నా భార్య.

మతి కూడా పోతోంది కాబోలు అనుకున్నాం. తువ్వాలు తీసేసుకుని, పీకడానికి అంచు దొరక్కుండా మడిచి కుట్టి ఇచ్చింది. ఆ కుట్టు చూసి నాయన కళ్ళు మూసుకున్నాడు. ఆయనకి చెప్పడం వచ్చు, మాకు వినడం రాలేదు. ఆ మాట ఇవాళ రాయగలుగుతున్నాను, ఆవేళ మాత్రం పాపం పెద్దాయన అనుకుని ఊరుకున్నాం.

జూలై నెలలో, మాకది నడి చలికాలం, ఒక మధ్యాహ్నం బంక కలపడానికి లేస్తూ తంబురని ఆయన పక్కన మంచం మీద పెట్టాను. వెనక్కి తిరిగి కలుపుతుంటే జుయ్‌మని జీర వినపడింది. అలవాటుకొద్దీ ఒళ్ళు మండింది. గుర్రం విరిగింది, నా పని మళ్ళీ మొదటికొచ్చింది అనుకుంటూ తిరిగాను.

నాయన తువ్వాలు కుట్టు పళ్ళతో కొరికి విప్పేశాడు. ఒక పోగు లాగి, ఎడం చేత్తోనే, తీగకీ గుర్రానికీ మధ్య దూర్చాడు. ఆ పోగుని ఇసుమంత ముందుకి, ఇసుమంత వెనక్కి జరుపుతున్నాడు. ఒకచోట తీగ మోగడం మానేసి పాడడం మొదలెట్టింది. ఇంకెలా చెప్పను! ఒక్క తీగలోంచి తేనెపట్టు లేచినట్టయింది. ఆయన వేలు ఆపి నా మొహంలోకి చూశాడు.

నేను చంపుతూ వచ్చిన జీరే ఆయనకి కావలసిన ప్రాణం. దాని పేరు కూడా జీవ అట, తర్వాత తెలిసింది.

మిగతా మూడు తీగలకీ పోగులు నేనే దూర్చాను. భుజానికి ఆనించుకుని వరసగా మీటాను. రేకులు, సీసాలు, బంక కుండ మూత అన్నీ సన్నగా ఝుమ్మన్నాయి. నాయన నోరు తెరిచాడు. అన్ని నెలలూ ఆ ఒక్క మాటా ఊఁకారమూ తప్ప రాని నోట్లోంచి పాట వచ్చింది. ఫ్లాక్ గుళ్ళో శనివారాలు మొదట ఎత్తుకునే రామ భజన, ఒక్క అక్షరం పొల్లుపోకుండా. గొంతు పగిలింది, శ్రుతి పగల్లేదు.

నా భార్య పిండి చేతులతో పరిగెత్తుకొచ్చింది. నేను మీటుతూనే కాలితో తలుపు బార్లా తెరిచాను. అందరూ వినాలి! మా నాయన పాడుతున్నాడు! వీధిలో పోయేవాళ్ళు ఆగారు. చాకలి పని చేసే క్రియోల్ ఆవిడ, పాలవాడు, డోలు అరువిచ్చిన మిత్రుడు గుమ్మంలో గుమిగూడారు. వాళ్ళ వెనకాలే మంచు కూడా లోపలికొచ్చింది. పాట అయిపోయింది. నాయన నన్ను చూసి ఏదో చెప్పబోయాడు. మళ్ళీ అదే ఊఁకారం. పాట వస్తే మాట వస్తుందనుకున్నాను, రాలేదు. ఆయన మొహం చూడలేక మీటడం ఆపలేదు. అప్పుడాయన ఒక్క క్షణం ఆగి, ఆ పాట బాణీలోకే తిరిగి వెళ్ళి, నేనెన్నడూ వినని చరణం ఒకటి ఎత్తుకున్నాడు.

తలుపెయ్యి నాయనా, రామ రామా
సలిగాలి కొడతంది, రామ రామా
కాళ్ళు కొయ్యబారిపోనాయి నాయనా
కప్పరా నాయనా, రామ రామా

మీకు అర్థమైంది. ఆ షెడ్డులో ఎవరికీ అర్థం కాలేదు.

నాకు తెలిసిన మాటలు అందులో రెండే, రామా, నాయనా. నాయనా అంటే తండ్రీ అని కదా, ఆయన్ని నేను పిలిచే పిలుపు. పైనున్న తండ్రిని పిలుస్తున్నాడనుకున్నాను. నా వైపే చూస్తూ పాడుతుంటే, నీ చేతి తంబుర మీద దేవుణ్ణి పిలుస్తున్నానురా అని చెప్తున్నాడనుకుని ఛాతీ ఉబ్బించుకున్నాను. ఆయన మళ్ళీ అదే చరణం పాడాడు. మళ్ళీ పాడాడు. నేను ఇంకా హుషారుగా మీటాను. గుమ్మంలో చాకలావిడ శిలువ గుర్తు వేసుకుంది. గొంతు బొంగురుపోయి, మాటలు ఊపిరిగా మారేదాకా పాడి, ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఎంత తృప్తిగా పడుకున్నారో అంది నా భార్య.

తర్వాత కొన్నాళ్ళు మధ్యాహ్నాలు అదే వరస. నేను తంబుర తీసేవాణ్ణి, జనం వచ్చేవారు, వాళ్ళ కోసం తలుపు తెరిచేవాణ్ణి, ఆయన ఆ చరణం ఎత్తుకునేవాడు. నాకూ నోటికి వచ్చేసింది. ఒకరోజు ఆయనతో పాటు నేనూ గొంతు కలిపాను. తలుపెయ్యి నాయనా అని నేనూ పాడాను. ఆయన పాడడం ఆపి నన్ను చాలాసేపు చూశాడు. ఆ రోజు తర్వాత పాడలేదు. ఛాతీలో కఫం చేరింది. ఆ చలికాలం దాటలేదు.

పెద్దకర్మ అయ్యాక తాళం మామ అడిగాడు, ఆఖరి రోజుల్లో కొత్త కీర్తన కట్టాడటగా, మాకూ నేర్పు అని. నేర్పాను. ఎస్టేటు గుళ్ళో అందరూ నేర్చుకున్నారు. శనివారం భజన చివర నాయన కీర్తన పాడకపోతే భజన అయినట్టు కాదు. తంబుర ఉన్నది ఒక్కటే, మీటడం తెలిసినవాణ్ణి నేనే. అందుకని వీలైన శనివారమల్లా రైలెక్కేవాణ్ణి. పక్క ఎస్టేటుల వాళ్ళు కూడా వచ్చి నేర్చుకుపోయారు. ముసలివాళ్ళు కళ్ళు మూసుకుని పాడుతుంటే వాళ్ళ చెంపలు తడిసేవి. అర్థం ఏమిటని ఎవరో అడిగితే తాళం మామ చెప్పేవాడు: కాళ్ళంటే స్వామి పాదాలు. కప్పడమంటే కాపాడడం. తక్కినవి పెద్ద మాటలు, మనకి అందవు. అలా చాలా ఏళ్ళు గడిచాయి. ఆ ఏళ్ళన్నీ నేను గర్వంగా బతికాను. నాయన పాట నిలిచింది, నా తంబుర నిలబెట్టింది అనుకున్నాను.

అప్పుడు మా గుడికి తెలుగు పంతులు వచ్చాడు. ఇండియా నుంచి ఓడ దిగి ఎన్నాళ్ళో కాలేదు, మా భోజ్‌పురీ క్రియోలూ ఆయనకింకా పట్టుబడలేదు. పిల్లలకి అక్షరాలు చెప్పడానికి పిలిపించారు. వచ్చిన వారమే భజనకి వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. చివర నాయన కీర్తన ఎత్తుకున్నాం. మొదటి చరణం అవగానే ఆయన తలెత్తి అటూ ఇటూ చూశాడు. రెండోసారి పాడేసరికి లేచాడు. వెళ్ళి గుడి తలుపు మూసేశాడు. తన భుజం మీది శాలువా తీసి, ముందు వరసలో అందరికన్నా ముసలిగా ఉన్న తాళం మామ కాళ్ళ మీద కప్పి, ఏమీ జరగనట్టు వెళ్ళి కూర్చున్నాడు.

పాట ఆగిపోయింది. ఎవరో నవ్వారు. తాళం మామకి కోపం వచ్చింది. "కీర్తన మధ్యలో ఇదేం పని?" అన్నాడు.

పంతులుకి ఆ మాట నేనే చేతులతో, వచ్చిన ఇంగ్లీషు ముక్కలతో చెప్పాల్సి వచ్చింది. ఆయన తికమకపడ్డాడు.

"కీర్తనా? చలేస్తోంది, తలుపు వెయ్యమంటున్నారు కదండీ? కాళ్ళు కొయ్యబారాయి, కప్పమంటున్నారు కదా!" అని ఒక్కొక్క మాటకీ చేతులతో తలుపు మూసి చూపించాడు, వణికి చూపించాడు, కాళ్ళు ముడిచి చూపించాడు.

నేను తంబుర కింద పెట్టలేదు. నాకు తెలిసిన ఒక్క మాటనే పట్టుకుని వేలాడాను. "నాయనా అంటే దేవుడు కదా? తండ్రీ అని కదా?"

"తండ్రే. కానీ మా వైపు తండ్రి కొడుకుని కూడా ముద్దుగా నాయనా అనే పిలుస్తాడండీ" అన్నాడు పంతులు. చేతుల్లో బిడ్డని ఊపుతున్నట్టు చేసి, ఆ బిడ్డ వైపు వేలు చూపించాడు.

రైల్లో ఇంటికొస్తూ నాలో నేను ఎన్ని వాదించుకున్నానో. తెలియనివాడికి తప్పేముంది అని ఒకపక్క. బొగ్గులున్నాయిగా, దుప్పటి ఉందిగా అని ఒకపక్క. ఆయన పోయింది చలివల్లేనని డాక్టరు అనలేదు, నేనూ అడగలేదు. అవన్నీ నిజమే. కానీ నేను కోరుకున్నది ఒక్కటే కదా, ఆయన తనకేం కావాలో నోటితో చెప్పుకోవాలని. చెప్పుకున్నాడు. అన్ని రోజులు, అన్నిసార్లు, నా కళ్ళలోకి చూస్తూ, పేరు పెట్టి పిలిచినట్టే పిలిచి చెప్పుకున్నాడు. నేను తాళం తప్పకుండా మీటాను. నా ఏడుపు చూసి ఎదుటి సీటులో కూర్చున్న ఆవిడ రొట్టెముక్క ఇవ్వబోయింది, ఆకలనుకుని.

వారమంతా ఆలోచించి తాళం మామ దగ్గరకి వెళ్ళాను. ఇక ఆ పాట వద్దు మామా, అది పాట కాదు అన్నాను. ఆయన నా చెయ్యి నిమిరి అన్నాడు: "అది నీకు తెలిసింది, నాకు తెలిసింది. వాళ్ళందరికీ ఎలా చెప్తాం? పెళ్ళాం పోయినవాళ్ళు, బిడ్డలు పోయినవాళ్ళు దాన్ని పట్టుకుని బతుకుతున్నారు. ఇప్పుడది మీ నాయనది కాదురా. ఆపడం నా వల్ల కాదు, నీ వల్లా కాదు."

కాలేదు. ఆ శనివారం భజన చివరికి వచ్చింది. ఎవరో ఎత్తుకున్నారు. ఆడా మగా ముసలీ ముతకా గుడి నిండా గొంతులు ఒక్కసారి, తలుపెయ్యి నాయనా, సలిగాలి కొడతంది నాయనా, కాళ్ళు కొయ్యబారిపోనాయి నాయనా అని నన్ను అడిగాయి. తలుపు నాకు నాలుగడుగుల దూరంలో తెరిచే ఉంది. తంబుర పట్టినవాడు పాట మధ్యలో లేవకూడదు. నేను మీటుతూ కూర్చున్నాను.